పరీక్షాఫలమున కెదురుచూచు దినములు



నొప్పికి మందు కలదు, జ్వరమునకు మందు కలదు; ఎదురుచూచుటకు మాత్రము ఏ యంగడిలోను మందు దొరకదు. గర్భాశయమునుండి గాని గర్భాశయముఖమునుండి గాని చిన్నముక్కను తీసి పరీక్షకు పంపి, "పదిదినములలో తెలియును, వెళ్లి రండు" అని వైద్యురాలు చెప్పినది మొదలు, ఆ కాగితము చేతికి వచ్చువరకు స్త్రీ పడు వేదన యెట్టిదో పడినవారికే తెలియును. ఈ పరీక్షకు బయాప్సీ యని పేరు. దీనినిగూర్చి మాకు వచ్చుచున్న యుత్తరములలో హైటెక్ సిటీ ప్రాంతమునుండి వచ్చునవే యెక్కువ.

ఇందుకు కారణము లేకపోలేదు. 1998వ సంవత్సరమున సైబర్ టవర్సు ప్రారంభమైన పిమ్మట మాదాపూరు, కొండాపూరు, గచ్చిబౌలి ప్రాంతములందలి రాతిగుట్టల నడుమ లేచిన మేడలలో వేలకొలది తెలుగు స్త్రీలు కంప్యూటరు ముందు కూర్చుండి పనిచేయుచున్నారు. పుట్టినిల్లు కరీంనగరములోనో గుంటూరులోనో యుండును. భర్త అమెరికావారి వేళలనుబట్టి రాత్రులు పనిచేయుచుండును. ఇరువదవ యంతస్తులో ఎదురింటి తలుపుమీది సంఖ్యయే గాని లోపలివారి పేరు తెలియదు. కడుపులోని భయము నెవరితో చెప్పుకొనవలెను? అందుచేత మాకు వ్రాయుచున్నారు.

ఆ యుత్తరములన్నియు కలిపి చూడగా ప్రశ్నలు మూడే. ఫలితము ఆలస్యమైనచో అది చెడ్డవార్తకు గుర్తా? ఇంటివారికి చెప్పక దాచవచ్చునా? ఈ చింత యేల, గర్భసంచిని ముందే తీయించివేసికొనిన పీడ వదలదా? ఈ మూడును భయము వేయించు ప్రశ్నలే. భయము మన యింటికి పిలువకయే వచ్చిన చుట్టము వంటిది. పొమ్మన్న పోదు, పీట వేయుదుము గాక. కాని ఇంటి తాళపుచెవుల గుత్తిని దాని చేతి కీయరాదు. మేము చెప్పదలచిన దంతయు నిదియే.

మొదటి ప్రశ్నకు సమాధానము. ఆ ముక్క మన దేహమును విడిచిన తరువాత ఏమగునో తెలిసికొన్నచో భయము కొంత తగ్గును. దానిని వెంటనే ఫార్మలిన్ అను ద్రవములో వేయుదురు. అది చెడకుండ గట్టిపడుటకు కొన్ని గంటలు, ఒక్కొక్కప్పుడు పూర్తిగా ఒక దినము పట్టును. పిదప ఆల్కహాలుతో తడి నంతయు తీసి, కరగిన మైనము పట్టించి, చిన్న దిమ్మగా పోయుదురు. ఆ దిమ్మను తలవెండ్రుకకంటె పది రెట్లకు పైగా పలుచని పొరలుగా కోసి, గాజుపలకపై పరచి, నీలము, గులాబి రంగులు పట్టింతురు. అప్పుడు గాని వైద్యుడు సూక్ష్మదర్శినిలో చూచుటకు వీలులేదు. ఆయనకు ఏ మాత్రము సందేహము తోచినను అదే దిమ్మనుండి మరికొన్ని పొరలు కోయించును. వేరు రంగులు పట్టించి చూచును. తోడి వైద్యునికి చూపి యడుగును. ఒక్కొక్క పనికి ఒక్కొక్క దినము గడచును. నడుమ ఆదివారము వచ్చును, పండుగ వచ్చును.

మా యింట పరీక్షాపత్రములు దిద్దుట యేటేట చూచుచున్నదే. కట్టలో అడుగున బడిన పత్రము ఆలస్యముగా దిద్దబడును. అంతమాత్రమున అది తప్పిన పత్రము కాదు. ఒక్కొక్కప్పుడు బాగుగా వ్రాసిన పత్రమునే రెండుమారులు చదువుదురు. బయాప్సీ ఆలస్యమును అట్టిదే. ఆలస్యము శ్రద్ధకు గుర్తు కావచ్చును, పనివారి కొరతకు గుర్తు కావచ్చును. అది తీర్పు మాత్రము కాదు. చెప్పిన గడువు దాటినచో ఊరకుండక ఫోను చేసి యడుగుట మన హక్కు. "ఫలితము చెడ్డది గనుకనే చెప్పుట లేదు" అని మనస్సులో కథ యల్లుకొనుటకంటె ఒక్కమా రడుగుట మేలు.

"ఈ పది దినములలో రోగము పెరిగిపోవునేమో" అని మరికొందరి దిగులు. గర్భాశయముఖ కాన్సరు ఒక్క రాత్రిలో పుట్టునది కాదు. దానికి మూలమైన క్రిమి సోకిన పిమ్మట, సాధారణముగా ఆరోగ్యవంతులలో, అది కాన్సరుగా మారుటకు పదునైదు మొద లిరువది యేండ్లు పట్టునని ప్రపంచ ఆరోగ్యసంస్థ చెప్పుచున్నది. ఏండ్లలో నడచునది పరీక్షకు పట్టు పది దినములలో పరుగెత్తదు. ముట్లుడిగిన తరువాత రక్తము కనబడినందున గర్భాశయపు లోపలిపొరను పరీక్షకు పంపినవారు మరియొక సంగతి యెరుగవలెను. అట్లు రక్తము కనబడిన స్త్రీలలో పదిమందికి సుమారు తొమ్మండుగురికి కాన్సరు లేదని తేలుచున్నది. పొర పలుచబడుట, చిన్న కండ పెరుగుట మొదలైన సామాన్యకారణములే యెక్కువ. ఆ పదవ యామె కొరకే యందరిని పరీక్షింతురు. పరీక్షకు పంపుట అనుమానమును తీర్చుకొనుటకే గాని రోగమును నిర్ణయించి కాదు.

ఇక రెండవ ప్రశ్న. అరణ్యపర్వములోని సావిత్రికథను మన మెల్లరము విన్నవారమే. యమునితో ఆమె యాడిన మాటలను కొనియాడుదుము గాని, అంతకు ముందు గడచిన యేడాదిని తలచువారు తక్కువ. భర్త ఆయువు ఒక్క యేడాదియే యని నారదుడు చెప్పగా విని, ఆ మాటను రేయింబవలు గుండెలో నుంచుకొని, అత్తమామలకు సేవచేయుచు, నవ్వుమొగముతో దినములు లెక్కపెట్టుకొనినది. గడువు దగ్గరపడగా మూడు రాత్రులు వ్రతము పట్టినది. ఆ దినము రాగా భర్త వెంట తానును అడవికి నడచినది. మన కథలలో ఎదురుచూచుటలోని కష్టమును ఇంతగా చూపినది మరియొకటి లేదని మాకు తోచును.

అయితే సావిత్రి దాచినది గదా, మేమును దాచెద మని వాదింపరాదు. చెప్పినందున ఆ గడువు మారునది కాదు గనుక ఆమె చెప్పలేదు. మన విషయము వేరు. చెప్పినచో భర్త ఆ దినమున సెలవు పెట్టును. తల్లి వచ్చి పదిదినములు తోడుండును. పిల్లలను బడినుండి తెచ్చుట కొకరు దొరకుదురు. పదిమందికి చెప్పనక్కరలేదు. ఒక్కరికి, చెప్పిన మాటను వీధిలో పెట్టని ఒక్కరికి, చెప్పవలెను. పుట్టింటివారు దూరమున నున్నచో పనిచేయు చోటనున్న పెద్దయామె యొక్కతె చాలును. సావిత్రినుండి మనవారు, ముఖ్యముగా మగవారు, నేర్చుకొనవలసినది దాచుట కాదు; ఆ దినమున ఒంటరిగా పోనీయక వెంట నడచుట.

ఇచ్చట భర్తలకును అత్తగార్లకును ఒక మనవి. "ఏమీ కాదులే, ఊరకే భయపడకు" అను మాట ప్రేమతో ననినదే యైనను, వినువారికి అది నోటిమీద చేయి పెట్టినట్లుండును. దానికి బదులు "నాకును దిగులుగానే యున్నది, ఇద్దరమును కలిసి పోదము" అనిన చాలును.

దాచుటకు వేరొక కారణము కూడ కలదు. అది సిగ్గు. చోటునుబట్టి రోగమునకు నింద గట్టుట మన లోకపు దురభ్యాసము. గర్భాశయముఖ కాన్సరునకు హెచ్.పి.వి. అను సూక్ష్మక్రిమి కారణమని కనుగొనినందుకు జర్మనీ దేశపు శాస్త్రజ్ఞుడు హెరాల్డ్ జుర్ హౌసెన్ 2008వ సంవత్సరమున నోబెల్ బహుమానము నందెను. దాంపత్యజీవితము గల స్త్రీపురుషులలో దాదాపు ప్రతివారికిని ఇది ఎప్పుడో యొకప్పుడు సోకును. నూటికి తొంబదిమందిలో రెండేండ్ల లోపల తనంతట తానే పోవును. మిగిలినవారిలో ఏండ్లకొలది జాడ తెలియక యుండవచ్చును. కాబట్టి ఎప్పుడు, ఎవరివలన వచ్చినదని తవ్వుటకు వీలును లేదు, ఫలమును లేదు. గర్భాశయపు లోపలిపొరకు వచ్చు కాన్సరునకైతే ఈ క్రిమితో సంబంధమే లేదు. జలుబు సోకినవారి నడత నెవరు విచారింతురు? ఇదియు నంతే. ఈ కారణముగా భార్యను భర్త గాని, భర్తను భార్య గాని సందేహించుట కడు నన్యాయము.

మూడవ ప్రశ్నయే మాకు మిక్కిలి దిగులు కలిగించునది. "ఉండిన గదా రోగము, తీయించివేసిన పోవును" అని గర్భసంచిని తీయించుకొనుట మన తెలుగునాట ఎంతగా వ్యాపించినదో చూడుడు. 2015-16 సంవత్సరముల జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో పదునైదు మొదలు నలుబది తొమ్మిది యేండ్ల వయస్సు గల స్త్రీలలో గర్భసంచి తీయించుకొనినవారు దేశము మొత్తముమీద నూటికి సుమారు ముగ్గురు. ఆంధ్రప్రదేశములో సుమారు తొమ్మండుగురు, తెలంగాణములో సుమారు ఎనమండుగురు. దేశమునకు మూడు, మనకు తొమ్మిదియు నెనిమిదియు! అనవసరముగా చేయు ఈ శస్త్రచికిత్సలను అరికట్టవలెనని 2023వ సంవత్సరమున సుప్రీముకోర్టు రాష్ట్రములకు ఆదేశము లిచ్చినది. ఇట్టి శస్త్రచికిత్సలలో అవసరమై చేసినవి లేకపోలేదు. కాని "కాన్సరు కావచ్చును" అను ఒక్కమాటకు జడిసి ఒప్పుకొనినవి యెన్నియో.

ఫలితము రాకముందే తీయించుకొనుటవలన రెండు విధముల నష్టము. కాన్సరు లేనిచో, ఉండవలసిన యవయవము పోయినది. దానితోపాటు అండాశయములను కూడ తీసివేసినచో ముట్లు ముందే యుడిగి, ఎముకలు బలహీనపడుటయు, గుండెజబ్బు వచ్చుటయు ఎక్కువగును. ఒకవేళ కాన్సరే యున్నచో, దానికి చేయవలసిన శస్త్రచికిత్స వేరు. ఎంతమేరకు తీయవలెనో, తీయుటకు మారుగా రేడియేషను చికిత్సయే మంచిదో, ఆ ఫలితమును చూచియే నిర్ణయింతురు. తెలియక సామాన్యముగా తీసివేసిన పిమ్మట గర్భాశయముఖ కాన్సరు బయటపడినచో రెండవమారు చికిత్స తప్పదు. కావున ఫలితమునకు ముందు ఎవరైనను తొందరపెట్టినచో, "కాగితము వచ్చిన తరువాత, మరియొక వైద్యురాలికి చూపించి చెప్పెదము" అని నిదానముగా నిలువవలెను. విపరీతముగా రక్తము పోవుచు ప్రాణాపాయము కలిగిన సందర్భము వేరు. అది వైద్యులే చెప్పుదురు.

ఈ దినములను గడపు విధమును గూర్చి కొన్ని మాటలు. ముక్క తీసిన పిమ్మట రెండు మూడు దినములు కొంచెము రక్తము కనబడుట, పొత్తికడుపులో ముట్టునొప్పివంటి నొప్పి యుండుట సహజము. వైద్యురాలు చెప్పినన్ని దినములు దాంపత్యమునకు విరామ మీయవలెను. రక్తము ధారాళముగా పోయి గంటకొక గుడ్డ తడిసినను, జ్వరము వచ్చినను, దుర్వాసన పుట్టినను, నొప్పి తగ్గక హెచ్చినను వెంటనే ఆసుపత్రికి పోవలెను. మ్రొక్కుకొనుట, పారాయణము చేసికొనుట మనస్సునకు బలమే. కాని రక్తము పోయి నీరసించినవారు కటికయుపవాసములు చేయరాదు. భగవంతుడు ఆకలిని కోరడు.

పగలు ఏదో పనిలో గడచును, రాత్రియే కష్టము. చింతింపకుము అని మనస్సును గద్దించిన అది మరింత చింతించును. అందుచేత దానికొక వేళ నేర్పరుపవలెను. సాయంకాలము అరగంట కూర్చుండి, మనస్సులోని భయములన్నియు ఒక కాగితముపై వ్రాయవలెను. వానిలో వైద్యురాలి నడుగదగినవానిని ఒకప్రక్క, ఇంటిలో చక్కబెట్టదగినవానిని ఒకప్రక్క పెట్టి, ఎవరి చేతిలోను లేనివానిని అచ్చటనే విడిచి కాగితము మడిచిపెట్టవలెను. నడిరాత్రి మరల వచ్చినచో "రేపు సాయంకాలము రమ్ము" అని చెప్పవలెను. ఇది మొదటి దినమున కుదురదు. మూడు నాలుగు దినములకు అలవాటగును. ఊపిరిని మెల్లగా పీల్చి, అంతకంటె మెల్లగా విడుచుటయు గుండెదడకు మంచిది. పడకమీద ఫోను పట్టుకొని రోగముపేరు వెదకుట మాత్రము వలదు. ఆ పెట్టె మన వయస్సెరుగదు, మన దేహ మెరుగదు. అన్నిటిలో భయంకరమైనదానినే ముందు చూపును.

ఫోను మాట వచ్చినది గనుక మరియొకటి. ఈ కాలమున ఆసుపత్రులవారు ఫలితమును నేరుగా ఫోనులోనికే పంపుచున్నారు. పనిచోట పదిమందితో సమావేశములో నుండగా అది టింగుమని మ్రోగును. వైద్యురాలు చూడకముందే మనము చూతుము, అర్థముకాని మాటలు కనబడును, కాళ్లు తడబడును. కావున ముందే ఏర్పాటు చేసికొనవలెను. ఏ దినమున వైద్యురాలిని చూచుటో నిర్ణయించుకొని, ఆ పూటకు సెలవు పెట్టి, కాగితమును ఆమె యెదుట, తోడు వచ్చినవారి సమక్షమున తెరచుట ఉత్తమము. అంత ఓపిక లేనివారు నమ్మకమైన వారొకరు ప్రక్కనుండగా, పగటివేళ తెరువవలెను.

అందు కనబడు మాటలలో కొన్నిటిని తెలిసికొనియుండుట మంచిది. "నెగెటివ్ ఫర్ మాలిగ్నెన్సీ" అనగా కాన్సరు లేదని. నెగెటివ్ అనుమాట చూచి ఏడ్చిన వారు కలరు. ఇక్కడ అదియే శుభవార్త. "ఇన్‌ఫ్లమేషన్" అనగా తాపము, వాపు. "మెటాప్లేసియా" అనగా ఒకవిధమైన కణములు వేరొక విధముగా మారుట. గర్భాశయముఖమున ఇది సహజము. "హైపర్‌ప్లేసియా" అనగా లోపలిపొర దళసరియగుట. "ఎటిపియా" అను మాట చేరనిచో సాధారణముగా మందులతోనే కుదురును, చేరినచో శ్రద్ధగా చికిత్స కావలెను. "సి.ఐ.ఎన్." అని పేర్కొని ఒకటి, రెండు, మూడు అంకె లుండును. ఇవి కాన్సరు కావు, కాన్సరునకు ముందుమెట్లు. ఒకటవది చాలమందిలో తనంతటనే మానును. మూడవదానిని విడువక చికిత్స చేయింపవలెను. "ఇన్‌అడిక్వేట్" అనగా ముక్క చాలలేదు, మరల తీయవలెనని. ఏ మాటకైనను అర్థము చెప్పవలసినది వైద్యురాలే.

ఆ వార్తను చెప్పవలసినవారు సుందరకాండమునుండి నేర్చుకొనవలెను. అశోకవనమున శింశుపావృక్షముపై కూర్చుండిన హనుమంతుడు, భయముతో నున్న సీత తన్ను చూచి మరింత బెదరకుండ ఎట్లు పలుకవలెనా యని చాలసేపు ఆలోచించెను. మొదట రామకథ చెప్పి, పిదప కనబడెను. తిరిగి రామునియొద్దకు పోయినప్పుడైతే సుత్తి లేక, చూచితి నను మాటనే మొట్టమొదట పలికెను. భయపడినవారితో మాటలాడు నేర్పు ఈ రెండింటియందును కలదు: వారి మనస్సును చూచి మెల్లగా సమీపించుట, వార్తను మాత్రము చుట్టుద్రిప్పక ముందుగా చెప్పుట.

ఫలితము చెడ్డదే యైనచో? ఆ ప్రశ్నను మేము తప్పించుకొనము. గర్భాశయమును, గర్భాశయముఖమును దాటి పాకకముందే కనిపెట్టబడిన ఈ రెండు కాన్సరులలో నూటికి తొంబదిమందికి పైగా అయిదేండ్ల తరువాతను జీవించియున్నారని అమెరికాదేశపు లెక్కలు చెప్పుచున్నవి. మన హైదరాబాదులోనే ఎఱ్ఱకొండ, అనగా రెడ్ హిల్సు ప్రాంతమున 1955లో నెలకొల్పబడిన ఎం.ఎన్.జె. ప్రభుత్వ కాన్సరు ఆసుపత్రి కలదు. కాన్సరుతో మరణించిన తన భార్యపేర నందమూరి తారక రామారావుగారు సంకల్పించిన బసవతారకం ఆసుపత్రి 2000వ సంవత్సరమున బంజారా హిల్సులో ప్రారంభమైనది. అర్హతగల కుటుంబములకు ఆరోగ్యశ్రీ పథకము కలదు. మైనపు దిమ్మను, గాజుపలకలను అడిగి తీసికొని వేరొక ఆసుపత్రిలో చూపించి రెండవ యభిప్రాయము పొందవచ్చును. మరల ముక్క తీయించుకొనవలసిన పని చాలసార్లు ఉండదు.

ఎదురుచూచుచున్న సోదరులకంటె, సోదరీమణులకంటె, మాకు మరియొకరిని గూర్చి యెక్కువ దిగులు. ఫలితమునకు జడిసి పరీక్షకే పోనివారు. 2022వ సంవత్సరమున మన దేశమున 1,27,526 మందికి గర్భాశయముఖ కాన్సరు కొత్తగా వచ్చినదనియు, 79,906 మంది దానివలన మరణించిరనియు అంచనా. ఇందరు మరణించుటకు ముఖ్యకారణము ఆలస్యముగా వచ్చుట. 2019-21 సర్వేలో ముప్పది మొదలు నలుబది తొమ్మిది యేండ్ల స్త్రీలలో ఒక్కమారైనను ఈ పరీక్ష చేయించుకొనినవారు నూటికి ఇద్దరైనను లేరు. కావున ముట్లుడిగిన పిమ్మట రక్తము కనబడినను, దాంపత్యానంతరము రక్తము కనబడినను, దుర్వాసనతో తెలుపు మానకున్నను, ఈ మాసము దాటనీయక చూపించుకొనుడు. వంటింటిలో మీ ప్రక్కన నిలుచు తోడికోడలిని, మీ యింట పనిచేయు నామెను, ఊరిలోని యత్తగారిని కూడ అడుగుడు. వారు మీకు చెప్పకపోవుటకు సిగ్గే కారణము. మీరు అడిగినచో చెప్పుదురు.